మూఢంలో మొదలై ముహూర్తాల్లో ఆగిన సూది

అబ్బులు గారి కుడికాలి చిటికెనవేలు పోవడానికి నేనే కారణమని తణుకు చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటున్నాయి. అబద్ధం. కారణం మీరు. మనిషి మొహం కూడా సరిగా చూడకుండా చీటీ రాసి పంపేసే డాక్టర్లు మీరు. నా అట్టపెట్టెలో చీమ తలకాయంత అక్షరాలతో, కొన్నవాడికి రాని భాషలో, విప్పితే చాపంత అయ్యే కాగితం కుక్కిన కంపెనీవాళ్లు మీరు. బొజ్జ చూసి వంట బేరం చేసే పెళ్లిపెద్దలు మీరు. చిక్కిన మనిషి కనబడగానే జబ్బు అంటగట్టి వీధివీధికీ మోసే నోళ్లు మీరు. ఆ వేలు ఇవాళ లేదు. దాని వెనకున్న పాదమైనా మిగిలిందంటే అది మీ దయ కాదు. ఎలా మిగిలిందో చెబుతాను, కూర్చుని వినండి.

నేను ఒక సూది పెన్నుని. చూడ్డానికి జేబులో పెట్టుకునే పెన్నులాగే ఉంటాను. నా తోక తిప్పి, బొడ్డుకి కాస్త పక్కగా చర్మానికి ఆనించి నొక్కితే, వెంట్రుకంత సూది లోపలికెళ్లి వారానికి సరిపడా మందు వదులుతుంది. అలా ఓ నెలకు సరిపోతాను. సూది మాత్రం ప్రతిసారీ కొత్తది తగిలించుకోవాలి. ఇందులో పెద్ద విద్యేం లేదు.

నాలో ఉన్నది వింత పదార్థమనుకోకండి. మీ అందరి పేగుల్లోనూ పుట్టే ఒక హార్మోనుకి నకలు నేను. మీరు ముద్ద మింగగానే పేగు ఆ హార్మోనుని రక్తంలోకి వదులుతుంది. అది పోయి క్లోమానికి కబురు చెబుతుంది, తిండి వచ్చింది ఇన్సులిన్ వదలమని. కాలేయాన్ని హెచ్చరిస్తుంది, దాచుకున్న చక్కెర ఇప్పుడు బయటపెట్టొద్దని. పొట్టని కాస్త నెమ్మదిగా కానిమ్మంటుంది. ఆఖరికి మెదడు చెవిలో చెబుతుంది, ఇక చాలు అని. అయితే మీ ఒంట్లో పుట్టే అసలుది నిమిషాల్లో కరిగిపోతుంది. నన్ను తయారుచేసినవాళ్లు అక్కడక్కడా చిన్న మార్పులు చేసి, ఒకసారి వేస్తే వారమంతా నిలబడేలా చేశారు. అంతే తేడా.

మా వంశంలో మొదట మందుగా మారినవాడు ఎక్కడో ఎడారిలో తిరిగే ఒక విషపు బల్లి ఉమ్మిలో దొరికాడు. బల్లి పడిందని గుండిగెడు పప్పు పారబోసే మీరే, ఆ బల్లి ఉమ్మికి చుట్టమైన మా కోసం మందుల షాపుల ముందు నిలబడుతున్నారు. నాకు నవ్వొస్తుంది. నేను మాత్రం బల్లి బిడ్డని కాను. పెద్ద పెద్ద స్టీలు గంగాళాల్లో, ఇడ్లీ పిండి పులిసినట్టు పులిసే ఈస్టు కణాల్లో పుట్టాను. అక్కడినుంచి వడపోతలు, పరీక్షలు, గాజు గొట్టం, ప్లాస్టిక్ చొక్కా, అట్టపెట్టె. చల్లటి వ్యానెక్కి తణుకులో ఒక మందుల షాపు ఫ్రిజ్‌లో దిగాను.

ఆ షాపులో అద్దం తలుపు వెనక నుంచి మనుషుల్ని చూశాను. ఒకావిడ వచ్చి మేనకోడలి పెళ్లి ఫోటోల్లో సన్నగా పడాలి, ఆ సూది ఇవ్వండి అంది. చీటీ లేదు. షాపాయన ఇచ్చేశాడు. కడుపుతో ఉన్నవాళ్లు నన్ను ముట్టుకోకూడదు. ఒకప్పుడు క్లోమం వాచి ఆసుపత్రిలో పడ్డవాళ్లు, వంశంలో ఫలానా రకం థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవాళ్లు నా జోలికి రాకూడదు. ఆవిడ ఏంటో, ఆవిడ ఒంట్లో ఏముందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎవరికి అవసరమో వాళ్లకి అందను, అవసరం లేనివాళ్లకి కూల్‌డ్రింకులా దొరుకుతాను. ఇది నా తప్పా?

అబ్బులు గారు వచ్చింది మూఢం మొదలైన కొత్తలో.

పెళ్లిళ్ల వంటాయన. నేలలో తవ్విన గాడిపొయ్యి ముందు ముప్పయ్యేళ్లుగా నిలబడుతున్న మనిషి. ఆయన బూరెలు పొంగాయంటే వియ్యాలవారి అలకలు కూడా సర్దుకుంటాయని పేరు. మనిషి భారీ. షాపు మెట్టెక్కడానికి గోడ పట్టుకున్నాడు. కుడికాలికి గుడ్డ కట్టు. ఆ కట్టు కథ ఆయన భార్య వరహాలమ్మ గారే షాపాయనకు చెప్పింది. ఒక పెళ్లిలో గాడిపొయ్యిలోంచి నిప్పుకణిక ఎగిరి ఆయన పాదం మీద పడింది. ఆయనకు తెలియలేదు. మాంసం కాలిన వాసన వస్తుంటే, ఎవర్రా ఇది, శాకాహారం పెళ్లిలో ఏం కాలుస్తున్నారని పక్కవాళ్లని కసిరాడట. కాలుతున్నది తన కాలే.

షుగరు ఏళ్ల తరబడి నరాల్ని తినేస్తే అలా ఉంటుంది. నొప్పి తెలియదు. నొప్పి తెలియని కాలిని మనిషి మర్చిపోతాడు.

పైగా ఆయన పొయ్యి దగ్గర చెప్పులు వేసుకోడు. పొయ్యంటే అన్నం పుట్టే చోటు, అక్కడ చెప్పులేంటని ఆయన లెక్క. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నది అదే. ఆ పుండు ఎండాకాలంలో పడి చలికాలం వచ్చినా మానలేదు. మాత్రలు మింగుతూనే ఉన్నాడు. షుగరు దిగదు. బరువు దిగదు. బరువంతా ఆ పాదం మీదే.

కరుణకుమారి అనే డాక్టరు గారు మమ్మల్ని రాశారు. మంచావిడే. కానీ ఆవిడ గది బయట తిరనాళ్లలా జనం. ఆవిడ చెప్పిందల్లా ఇంతే. మొదటి పెన్ను ఒక నెల, రెండోది ఒక నెల, తర్వాత మూడోది, వారానికోసారి. పాత మాత్రలు ఎప్పట్లాగే. వెళ్లండి. మేం ముగ్గురం అన్నదమ్ములం. పెద్దవాడిలో మందు పలచన, రెండోవాడిలో కాస్త చిక్కన, నాలో బాగా చిక్కన. ఒంటికి మెల్లగా అలవాటు చెయ్యడానికి అలా మెట్లు కట్టారు. ఎందుకు మెట్లు కట్టారో ఎవరూ చెప్పలేదు. ఒక మెట్టు మీద ఆగిపోతే మళ్లీ ఎక్కడినుంచి ఎక్కాలో అసలే చెప్పలేదు. ముగ్గుర్నీ ఒకేసారి కొని తీసుకెళ్లి, వాళ్ల ఫ్రిజ్‌లో కరివేపాకు కట్ట పక్కన పెట్టారు.

మా పెద్దన్న పని మొదలుపెట్టాడు. తొలి వారం అబ్బులు గారికి కాస్త వికారంగా ఉంది, తేన్పులొచ్చాయి. తర్వాత సర్దుకుంది. ఇక అక్కడినుంచి ఆ ఇంట్లో ఒక విచిత్రం జరిగింది. పొద్దున్నే లేచీ లేవగానే ఈ పూట ఏంటి అని అడిగే మనిషి అడగడం మానేశాడు. పళ్లెంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడిగేసుకున్నాడు. వరహాలమ్మ గారికి భయమేసింది. కూర బాగోలేదా అని అడిగింది. బానే ఉంది, చాలనిపించింది అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనే కాసేపు బిత్తరపోయి కూర్చున్నాడు. చాలు అనిపించడం అంటే ఎలా ఉంటుందో ఆయన ఎన్నో ఏళ్లుగా ఎరగడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మనిషిని జనం పొట్ట అబ్బులు అన్నారు. నోరు కట్టుకోలేడన్నారు. ఆయన కూడా అదే నమ్మి, తన్ను తాను తిట్టుకున్నాడు. ఉపవాసాలున్నాడు, రాగి జావ తాగాడు, కాలవ గట్టు మీద నడిచాడు. తగ్గిన బరువు తగ్గినట్టే వెనక్కి వచ్చేసింది. తలలో ఆకలి గంట మోగుతూనే ఉంటే ఎవడు ఎన్నాళ్లు చెవులు మూసుకుంటాడు? మా అన్న వెళ్లి ఆ గంటని పట్టుకున్నాడు, అంతే. సిగ్గు ఆయనది కాదు. ఒంటి లోపలి కబుర్లు సరిగా అందకపోవడం ఒక జబ్బు. జబ్బుకి మందేస్తే తగ్గింది. దీన్ని గుణం అని, క్రమశిక్షణ అని, పాపం అని పిలిచిన ప్రతివాడూ ఆ మనిషికి క్షమాపణ బాకీ.

రెండో అన్న దిగేసరికి షుగరు దారిలోకొచ్చింది. పుండు అంచులు గులాబీ రంగుకి తిరిగాయి. రోజూ కట్టు మార్చే వరహాలమ్మ గారు ఒకనాడు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వెలుగుకి తిప్పి చూసి, ఏడుస్తూ నవ్వింది. మూఢం ఇంకొన్నాళ్లుంది. ముహూర్తాల్లేవు. పొయ్యి లేదు. కాలికి విశ్రాంతి. అన్నీ కలిసొచ్చాయి.

మూఢం చివర్లో పెళ్లిళ్ల బేరాలు మొదలయ్యాయి. అక్కడ తిరగబడింది.

అత్తిలి నుంచి ఒక రాయుడు గారు వచ్చారు. కూతురి పెళ్లికి అబ్బులే వండాలని ఏడాది ముందే మాటిచ్చిన మనిషి. అరుగు మీద కూర్చుని అబ్బులు గారిని ఎగాదిగా చూసి, "ఏం అబ్బులూ, దిగిపోయావేంటి? ఒంట్లో ఏవన్నా తేడా ఉంటే చెప్పెయ్, మొహమాటం వద్దు. వెయ్యి విస్తళ్ల పని, మధ్యలో మంచవెక్కేత్తే నేనేవైపోవాలి?" అన్నారు. అబ్బులు గారు నవ్వారు. ఏం లేదండి, కాస్త తగ్గించానండి అన్నారు. రాయుడు గారు కాఫీ తాగి, ఆలోచించి చెబుతానని వెళ్లి, ఉండ్రాజవరంలో ఒక లావుపాటి వంటాయనకి ఆ పెళ్లి ఇచ్చేశారు. వంటవాడి పొట్టే వాడి బోర్డు. సన్నటివాడు వండితే ఎవడికి నమ్మకం? వాడే తినట్లేదు, మనకేం పెడతాడు? ఇదీ మీ తెలివి.

ఆ తర్వాత బేరానికి అబ్బులు గారు ఏం చేశారో తెలుసా? చొక్కా లోపల నడుముకి రెండు తువ్వాళ్లు చుట్టుకుని వెళ్లారు. వరహాలమ్మ గారే పిన్నీసు పెట్టింది. నవ్వాపుకోలేక పిన్నీసు రెండుసార్లు జారింది. ఆ పెళ్లి ఖాయమైంది. ఇంటికొచ్చి తువ్వాళ్లు విప్పుతూ ఆయన మాత్రం నవ్వలేదు.

ఇంకో భయం కూడా పట్టుకుంది. వంట మధ్యలో గరిటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాలుక్కి రాసుకోవడం ఆయన పద్ధతి. ఆకలి ఉంటేనే రుచి తెలుస్తుందని నాన్న చెప్పాడట. ఈ సూది ఆకలి లాగేస్తుంటే రేపు పులుసులో పులుపెంతో ఎలా తేల్చాలి? ఇదంతా డాక్టరుని అడగాలని ఆయనకు తోచలేదు. తోచినా ఆ తిరనాళ్లలో అడిగే సందు లేదు. తనే తేల్చేశాడు. "మూఢం పోతంది వరహాలూ. ఇక సూది ఆపేద్దాం. సీజనయ్యాక మళ్లీ యేసుకుంటాలే," అన్నాడు. ఆమె చేస్తున్న పని ఆపి చూసింది. "సూదికి కూడా మూఢాలూ ముహూర్తాలూ ఉంటాయేంటండీ?" అంది.

పెళ్లి పెట్టుకోవడానికి పంచాంగం, పొయ్యి వెలిగించడానికి పంచాంగం, ఆకలి వెయ్యడానికి కూడా పంచాంగమే. నేను ఫ్రిజ్‌లో కూర్చుని విన్నాను. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నన్ను ఆపితే నేను చేసే పనీ ఆగుతుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుందని పాలవాడికి కూడా తెలుసు. బరువు దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఒకసారి తగ్గింది కదా ఇక మనసు గట్టిది చేసుకుంటే చాలు అంటారు. మనసుకి దీంట్లో ఏం పని?

మాఘమాసం వచ్చింది. ముహూర్తాల మీద ముహూర్తాలు. ఆకలి తిరిగొచ్చింది, వడ్డీతో సహా. వంటాయన పంక్తులన్నీ లేచాక తింటాడు. అప్పటిదాకా కడుపు మాడ్చుకుని, తర్వాత మిగిలిన బూరెలు, పులిహోర, చల్లారిన అన్నం. పొట్ట మళ్లీ బోర్డయింది. పెళ్లిపెద్దలు సంతోషించారు, మా అబ్బులు మళ్లీ కళకళలాడుతున్నాడని. కళకళలాడింది పైన. కింద పాదం చెప్పు లేకుండా గాడిపొయ్యి వేడిలో గంటలకొద్దీ నిలబడింది. మూసుకుంటున్న పుండు తెరుచుకుంది. చిటికెనవేలి కొన నల్లబడింది. ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరు చూసి, షుగరు ఇలాగే ఉంటే వేలుతో ఆగదు, పాదం తియ్యాల్సి వస్తుంది అన్నాడు.

పాదం లేని వంటాయన గాడిపొయ్యి ముందు ఎలా నిలబడతాడు? ఆ ఒక్క ప్రశ్నే ఆయన బుర్రలో తిరిగింది. ఇంకొక్క పెళ్లి ఉంది, పెరవలిలో. మాటిచ్చిన పెళ్లి. దానికి బయల్దేరుతూ నన్ను తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. పందిరి వెనక మంచినీళ్ల కుండ పక్కన నా మూత తీశారు. లెక్క ఆయన వైపు నుంచి చూస్తే ఎంతో సబబు. మొదటిది అయిపోయింది, రెండోది అయిపోయింది, తర్వాతది మూడోదే కదా. మధ్యలో రెండు నెలలు ఆగాక ఒళ్లు మళ్లీ మొదటికొస్తుందని, మళ్లీ పలచటి మందు దగ్గర్నుంచే ఎక్కాలని ఆయనకెవరు చెప్పారు? నొక్కేశారు. నా బలమంతా అలవాటు తప్పిన ఒంట్లోకి ఒక్కసారిగా వెళ్లింది.

మర్నాటికి పెళ్లి వంట మధ్యలో వాంతులు పట్టుకున్నాయి. నెయ్యి వాసన తగిలితే చాలు. గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. అయినా పాత షుగరు మాత్ర మాత్రం టైముకి మింగారు, మంచి రోగి కదా. నా అంతట నేను షుగరుని మరీ కిందికి తొయ్యను. తిండి వచ్చినప్పుడే క్లోమాన్ని తడతాను. ఆ పాత మాత్రకి అలాంటి వివేకం లేదు. లోపల తిండి లేకపోయినా అది షుగరుని లాగుతూనే ఉంటుంది. పులుసు గుండిగలో తెడ్డు తిప్పుతూ తిప్పుతూ ఆయనకు చెమటలు పోశాయి. కళ్లు తిరిగి వెనక్కి పడ్డారు. ముందుకు పడి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. పంచదార నీళ్లు నోట్లో పోసి కారెక్కించారు. పందిట్లో అప్పుడే తీర్పు వచ్చేసింది. సన్నబడే సూదంట, అదే చంపేసింది.

వరహాలమ్మ గారు నన్ను కొంగులో ముడేసుకుని ఆసుపత్రికి వచ్చింది. సెలైను ఎక్కుతోంది. కరుణకుమారి డాక్టరు గారు వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ముందు కోప్పడ్డారు. చెప్పకుండా ఎలా ఆపేశారు, ఎవర్నడిగి ఇది వేసుకున్నారు అని. అబ్బులు గారు కళ్లు మూసుకునే ఉన్నారు. అలాగే చెప్పారు. "మరేం చెయ్యమంటారండి. ముహూర్తాల్లో ఆకలి లేపోతే నేను వంటోణ్ణెలా అవుతానండి? పొట్ట లేపోతే నన్ను పిలిచేదెవరండి?"

బయట జనం తలుపు తడుతున్నారు. డాక్టరు గారు లేవలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. "మీరు ఏం పని చేస్తారో నేను అడగలేదు. అది నా పొరపాటు. ఇప్పుడు చెప్పండి, పెళ్లి రోజు పొద్దున్నుంచి మీరేం చేస్తారు?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్న మూఢం మొదట్లో అడిగి ఉంటే ఆ వేలు ఉండేది. ఆ వారమే తీసేశారు. పాదం ఉంటుందో లేదో అప్పుడే చెప్పలేమన్నారు.

ఆవిడ అడిగింది, ఆయన చెప్పాడు. ఇద్దరూ కూర్చుని పెళ్లి వంట చుట్టూ మందుని అమర్చారు. మళ్లీ పలచటి మందు దగ్గర్నుంచి మొదలు. వారంలో సూది ఏ రోజో ఒకటి ఖాయం చేసుకుని, వికారం వచ్చే తొలి రెండు రోజులూ పొయ్యి మీద పడకుండా చూసుకోవడం. వాంతులైతే ఏ మాత్ర ఆపాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో. షుగరుని గుడ్డిగా లాగే ఆ పాత మాత్రని తగ్గించేశారు. ముద్దలు తగ్గినా పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకూడదన్నారు, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుందని. ఇక రుచి సంగతి. రుచి చూడ్డానికి కావాల్సింది నాలుక, పొట్ట కాదని ఆవిడ అన్నారు. ఆయన నమ్మలేదు. ఇంటికొచ్చాక వరహాలమ్మ గారు పులుసు పెట్టి, ఉప్పు కావాలనే ఓ చిటికెడు తగ్గించి, అరచేతిలో చుక్క వేసింది. ఆకలి లేకుండానే ఆయన ఠక్కున పట్టేశాడు. ఆ పూట ఇంట్లో రేడియో పాటలు వినబడ్డాయి.

నన్ను మాత్రం మళ్లీ వాడలేదు. మూత తీసిన పెన్నుని ఎక్కువకాలం ఉంచకూడదు. ఆయన నా మెట్టు దాకా ఎక్కేసరికి నా గడువు దాటిపోతుంది. లోపల మందు చాలావరకు అలాగే ఉంది. కొందరికి కొనడానికే అందని మందు, వాడిన సూదులతో కలిసి మూత బిగించిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, వాళ్ల వంటింటి గూట్లో కూర్చుంది. కోపం రాదా నాకు?

ఆ గూట్లో కూర్చునే మిగతాది విన్నాను. పుండు మెల్లగా పూడింది. రోజూ కట్టు, కొత్త చెప్పులు, దిగిన షుగరు, తగ్గిన బరువు, అన్నీ కలిసి చేసిన పని అది. నేనొక్కణ్ణే చేశానని గొప్పలు పోను. ఆషాఢం వెళ్లేసరికి చర్మం మూసుకుంది. పాదం నిలిచింది. శ్రావణంలో మొదటి పెళ్లికి తువ్వాళ్లు చుట్టుకోకుండా వెళ్లారు. తిరిగొచ్చి వరహాలమ్మ గారితో చెబుతుంటే విన్నాను.

పొయ్యి ముందు చెప్పులేసుకుని నిలబడ్డారట. పెద్దవాళ్లు గొణిగారట. పొయ్యికి దణ్ణం పెట్టి, నువ్వే కదా నా కాలు తిన్నావు, ఇక ఇవి తొడుక్కోనీ అన్నారట. వడ్డన మొదలైంది. ఒక పెద్దాయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, షుగరు బాబూ, చాలు అన్నాడు. వడ్డించేవాడు ఆ వేళ్ల సందులోంచే బూరె జార్చబోయాడు. మన దగ్గర అదే మర్యాద. వద్దన్నవాడికి ఇంకో రెండు వెయ్యడం. అలా కొసరి పెట్టించడంలోనే అబ్బులు గారికి పేరొచ్చింది. ఆయనే వెళ్లి ఆ వడ్డించేవాడి మణికట్టు పట్టుకున్నారు. "చెయ్యి అడ్డం పెడితే ఆగండ్రా. ఆయన చాలన్నాడు," అన్నారు. పెళ్లికూతురి తండ్రి మొహం మాడ్చుకుని, మా ఇంట్లో పిసినారితనం నేర్పుతున్నావా అబ్బులూ అన్నాడు. "ఇంకోసారి నన్ను పిలవకపోయినా పర్లేదండి. నా పందిట్లో మాత్రం ఇదే," అన్నారట అబ్బులు గారు. వరహాలమ్మ గారు లేచి మజ్జిగ తెచ్చిచ్చింది.

మర్నాడు ఆమె ఆ డబ్బాని ఆసుపత్రికి తెచ్చి, సూదులు వేసే తొట్టెలో వేయించింది. మామూలు చెత్తలో వేస్తే ఊడ్చేవాళ్ల చేతికి గుచ్చుకుంటుందని ఆమెకి తెలిసింది. ఇక్కడినుంచే మాట్లాడుతున్నాను. కాసేపట్లో నన్ను కాల్చేస్తారో, కరిగించేస్తారో. నాకేం ఫర్వాలేదు. కానీ వెళ్లేలోపు కొన్ని కావాలి, బతిమాలడం లేదు, అడుగుతున్నాను.

డాక్టర్లూ, చీటీ మీద పెన్ను పెట్టకముందు మనిషిని ఆయన పని ఏంటో అడగండి. ఆపాల్సి వస్తే ఏం చెయ్యాలో, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పూటే చెప్పండి. కంపెనీలూ, మా పెట్టెల్లో తెలుగు కాగితం పెట్టండి, కళ్లజోడు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాలతో. షాపులవాళ్లూ, చీటీ లేనివాడికి అమ్మడం ఇవాళే ఆపండి. సర్కారూ, షుగరుతో కాళ్లు పోగొట్టుకుంటున్న కూలీలకి, వంటవాళ్లకి, రిక్షావాళ్లకి పెద్దాసుపత్రి కిటికీలో మమ్మల్ని దొరకనివ్వండి, మా సంగతి నిదానంగా కూర్చుని చెప్పే ఒక మనిషితో సహా. కాలు తీసేసే కత్తికి డబ్బు పెడుతున్నారు కదా, కాలు నిలిపే మందుకి పెట్టండి.

ఇక పంక్తిలో వడ్డించే మీ అందరికీ. ఈ రాబోయే ముహూర్తం నుంచే. ఎవరైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యిని గౌరవించండి. గరిటె వెనక్కి తీసుకుని తర్వాతి విస్తరి దగ్గరికి నడవండి.